అమీర్‌పేట హాస్టలుకు మా చిన్నాయన చూపిన దావ

హైదరాబాదులో ఎట్ల తిరగాలి, ఏ బస్సు ఎక్కాలి, యాడ టీ తాగాలి అని తెలుసుకోవాలంటే ఊర్లో ఎవరినైనా అడగండి, నన్ను మాత్రం అడగొద్దండి. పోయిన శుక్రవారం పట్టపగలు, చార్మినారుకు కూతవేటు దూరంలో, స్కూటీ మీద ఇద్దరు ఆడపిల్లలు వస్తుంటే చూసి ఆటోలో సీటు కిందికి ముడుచుకొని కూర్చున్న మనిషిని నేను. నా పక్కనే, నా కంటే ఇంకా కిందికి ముడుచుకొని మా చిన్నాయన. ఆయన వయసు నలభై ఎనిమిది. మీసం సైజు చెప్పను, చెప్తే మీరు ఇంకా నవ్వుతారు.

దీనికంతా కారణం స్వర్ణ. కాదులెండి, స్వర్ణ మీద నాకున్న కుళ్లు. రాసేటప్పుడైనా నిజం రాయాలి గదా!

స్వర్ణ మా మేనమామ కూతురు. ఉండేది ప్రొద్దుటూరు. నాకంటే ఏడాదిన్నర పెద్ద. రెండేండ్ల కిందట హైదరాబాదు పోయి, కంప్యూటరు కోర్సు చేసి, ఆడనే ఒక ఆఫీసులో ఉద్యోగం పట్టింది. పోయేటప్పుడు మామూలు పిల్లే. నాతోపాటు బస్టాండు ముందర పుల్లఐసు తిని, నాలిక ఎర్రగా అయిందా లేదా అని షాపు అద్దంలో చూసుకున్న పిల్ల. తిరిగొచ్చేసరికి ‘యాడ’ పోయి ‘ఎక్కడ’ వచ్చింది. ‘శానా’ పోయి ‘యాక్చువల్లీ’ వచ్చింది. వాచీ ముంజేతి లోపలివైపుకు తిప్పి పెట్టుకుంటుంది. టైము చూసేటప్పుడు అరచెయ్యి తిప్పి, అందులో ఏదో గుట్టు రాసిపెట్టుకున్నట్టు చూస్తుంది. నేనూ రెండు రోజులు అట్లనే పెట్టుకున్నా. మూడో రోజు అంట్లు తోముతుంటే బోకికి తగిలి అద్దం పగిలింది.

పోయిన నెల రెండు రోజులు సెలవు పెట్టి వచ్చింది. మామ ఇంట్లో అందరూ చుట్టూ చేరినారు. మధ్యలో కుర్చీలో మేడమ్ స్వర్ణ. ఇంక మొదలుపెట్టింది.

“సిటీ బస్సులో ఆడవాళ్లు ముందు వాకిలి, మగవాళ్లు వెనక వాకిలి. అది మర్చిపోతే తిట్లు తింటారు. ఆటో ఎక్కేటప్పుడు మొహంలో కొత్త కనపడనీయకూడదు, రోజూ పోయే దారే అన్నట్టు ఎక్కి కూర్చోవాలి. రోడ్డు దాటాలంటే ఒక ముసలామె పక్కన నిలబడండి, ఆమె కోసం లారీ అయినా ఆగుతుంది. అడ్రసు ఒకరిని అడిగి నమ్మొద్దు. మొదట అడిగినాయన తెలియకపోయినా ధైర్యంగా చెప్తాడు. రెండో ఆయన్ని కూడా అడగాలి. యాక్చువల్లీ, ఇరానీ హోటల్లో ఒక్క చాయ్ చెప్పి గంటసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. కోఠీలో పాత పుస్తకాల ముందు నిలబడి సగం పుస్తకం చదివేసి రావొచ్చు...”

జమ్మలమడుగు దాటితేనే కళ్లు తిరిగే మా అమ్మ, కోఠీలో బేరం ఎట్ల ఆడాలో తల ఊపుతా వింటాంది! మా అత్త కండ్లలో నీళ్లు. పక్కింటామె అయితే “తల్లీ, చార్మినారు లోపల మెట్లు ఎన్ని?” అని అడిగింది. ఆ మెట్ల మీదకు రేపు ఆమే పోతాండేటట్టు!

ఇంటికొచ్చే బస్సులో మా అమ్మ ఒకటే పాట. “చూడు మే, స్వర్ణ ఎట్ల మాట్లాడుతాందో. చూసి నేర్చుకో.”

“ముందు వాకిలి, వెనక వాకిలి. అది గూడా ఒక చదువేనా అమ్మా?”

“నీకు కుళ్లు.”

“నాకా? కుళ్లా?” అన్నా. అంటుంటే గొంతు నాకే కీచుగా వినిపించింది.

నిజం ఏందంటే, నాకూ డిగ్రీ అయిపోయింది. నాకూ కంప్యూటరు కోర్సు చెయ్యాలని, హైదరాబాదు పోవాలని, సిటీ బస్సు ముందు వాకిలి ఎక్కాలని ఉంది. మా నాయన జమ్మలమడుగు దగ్గర బళ్లో అయ్యవారు. దేవదానం అయ్యవారంటే శాంతమూర్తి అని పేరు. ఇంట్లో మాత్రం నెల రోజులు బతిమాలాడుకుంటే గానీ ఒక మాట మీదికి రాలేదు. అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో ఒకే ఒక్క మంచం ఖాళీగా ఉందని తెలిసింది. శుక్రవారం సాయంత్రం నాలుగు లోపల మనిషి వచ్చి సర్టిఫికెట్లు ఇవ్వాలి. ల్యాకుంటే ఆ మంచం ఇంకొకరికి.

ఎలక్షన్లు నెత్తి మీదికొచ్చినాయి. మా నాయనకు డ్యూటీ పడింది. ఊరు దాటడానికి లేదు.

“సరే పాపా,” అన్నాడు మా నాయన. “చిన్నాయన్ను తోడు పంపిస్తా. కానీ దావ కనుక్కోవాల్సింది నువ్వే. ఒక్క దినం సిటీలో తిరగలేని పిల్ల రెండేండ్లు ఎట్ల ఉంటాది? శుక్రవారం నాలుగు గంటలకు నేను జమ్మలమడుగు ఎస్టీడీ బూతు నుంచి హాస్టలుకు ఫోను చేస్తా. నువ్వు ఆడ ఉంటే సరి, ఉండిపో. ల్యాకుంటే అదే రాత్రి బస్సుకు వెనక్కి రా. ప్రొద్దుటూరులో టైపు నేర్చుకుందువు.”

“సరే నాయనా!”

“స్వర్ణకు ఒక మాట చెప్పి...”

“స్వర్ణ వద్దు!” అన్నా. అది అరుపు. “స్వర్ణ ఎందుకు? నాకు దావ తెలీదా?”

మా నాయన నన్ను కండ్లద్దాల పైనుంచి చూసి, “సరేలే” అన్నాడు. ఆ ‘సరేలే’ ఎట్లాంటిదో నాకప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు మా చిన్నాయన గురించి చెప్పాల. పేరు పరంజ్యోతి. పదహైదేండ్లుగా మా ఊరి పెద్దాయన జీపుకు డ్రైవరు. పెద్దాయన ఒక పార్టీ, పక్క ఊరి పెద్దాయన ఇంకో పార్టీ. మధ్యలో ఏముందో మీకు తెలిసిందే, ఎలక్షన్లు వచ్చినాయంటే మా ఊరికి సాయంత్రం ఆరు తర్వాత బస్సు రాదు. ఆ రోడ్ల మీద పదహైదేండ్లు జీపు తోలి, పెద్దాయన్ను ఒక్క గీటు గూడా పడకుండా ఇంటికి చేర్చిన మనిషి మా చిన్నాయన. ఆ వారం పెద్దాయన పులివెందులలో వియ్యంకుని ఇంట్లో దిగినాడు కాబట్టి ఈయనకు సెలవు దొరికింది.

బస్సు ఎక్కేముందే చిన్నాయన నన్ను పక్కకు పిలిచి, పాఠం చెప్పినట్టు చెప్పినాడు.

“చూడు పాపా. యాడికి పోయినా సూత్రాలు అయిదు. వచ్చే టైము ఎవనికీ చెప్పగూడదు. పోయే ఊరు అడిగితే నిజం చెప్పగూడదు. దిగమన్న చోట దిగగూడదు. పోయిన దావన తిరిగి రాగూడదు. కూచుంటే గోడకు వీపు, వాకిలికి మొగం.”

“హైదరాబాదులో గూడానా చిన్నాయనా?”

“హైదరాబాదుకు మాత్రం రోడ్లు ల్యావా?”

నా ప్రాణం లేచొచ్చింది! స్వర్ణకు టిప్సు ఉంటే నాకు సూత్రాలు ఉన్నాయి. ఆమెవి రెండేండ్లు తిరిగి నేర్చుకున్నవి, మావి పదహైదేండ్లు ప్రాణాలు కాచినవి. ఏవి గొప్ప? మొదటి సూత్రం అక్కడికక్కడే పాటించినా. బూతుకు పోయి స్వర్ణ ఆఫీసుకు ఫోను చేసి, “మేము శనివారం వస్తాండాము, శుక్రవారం కాదు. నువ్వేమీ శ్రమపడొద్దు” అని చెప్పి, పెట్టేసి, బయటికొచ్చి ఒక సోడా తాగినా. ఎంత తియ్యగా ఉండిందో ఆ ఉప్పు సోడా!

శుక్రవారం తెల్లారి హైదరాబాదు. ఇమ్లీబన్ బస్టాండు ఇంకా రెండు మలుపులు ఉందనంగా చిన్నాయన లేచి నిలబడినాడు. “ఆపు, ఆపు! ఈడనే దిగుతాము.”

డ్రైవరు ముఖం చిట్లించి ఆపినాడు. ఆకుపచ్చ రేకు ట్రంకు పెట్టె చిన్నాయన భుజం మీద, సర్టిఫికెట్ల ఫైలు నా చంకలో. నడుచుకుంటా పోయి బస్టాండు దగ్గర్లోనే ఒక ఇరానీ హోటల్లో దూరినాము.

లోపలికి పోయి చూస్తే చిన్నాయన మొగం వెలిగిపోయింది. నాలుగు గోడలకూ అద్దాలే! గోడకు వీపు పెట్టి కూర్చుంటే వాకిలి కనపడుతుంది, వంటిల్లు కనపడుతుంది, రోడ్డు కనపడుతుంది, ఎదురు గోడ అద్దంలో మన వీపు గూడా మనకే కనపడుతుంది.

“పాపా,” అన్నాడు చిన్నాయన గొంతు తగ్గించి. “ఈ హోటలు కట్టినోడు ఎవరో గానీ, మన పక్కోడే.”

చాయ్ వచ్చింది, బిస్కట్టు వచ్చింది. ముంచుకొని తింటుంటే స్వర్ణ చెప్పినంత బాగుంది. చెప్పినంత బాగుండటం నాకు నచ్చలేదు. “మన ఊరి టీనే మేలు” అని పైకి చెప్పి, ఇంకో బిస్కట్టు తీసుకున్నా.

అప్పుడు బిగుసుకుపోయినాడు చిన్నాయన. కప్పు సాసరులో పెట్టి, అద్దం లోకే చూస్తా, పెదవులు కదలకుండా అన్నాడు. “తిరగొద్దు. రోడ్డు అవతల. రెండు చక్రాల బండి. ఇద్దురు. మొగాలకు ముసుగులు.”

అద్దంలో చూసినా. నిజమే! స్కూటీ. దాని మీద ఇద్దరు. తల నుంచి గడ్డం దాకా గుడ్డ చుట్టుకున్నారు, పైన నల్ల కళ్లద్దాలు. ముక్కు గూడా కనపడదు. వెనక కూర్చున్న మనిషి బస్టాండు వైపు చూసి, ఇటు చూసి, మా ట్రంకు పెట్టె వైపు చెయ్యి చాపి చూపిస్తాంది.

మా ఊర్ల పక్క ముసుగు కట్టుకున్న మనిషి బండి మీద వచ్చి, మన వైపు చెయ్యి చూపిస్తే దానికి ఒకటే అర్థం.

“ఆడోళ్ల మాదిరి ఉండారు చిన్నాయనా.”

“ఆడోళ్ల మాదిరి రాకుండా, పేరు రాసుకోని వస్తారా? పద.”

వెనక వాకిలి గుండా బయటపడి ఆటో ఎక్కినాము. ఆటో ఆయన అడిగినాడు, “కిధర్ జానా?”

నేను ‘అమీర్‌పేట’ అనబోతే చిన్నాయన నా కాలు తొక్కి, గట్టిగా, “చార్మినార్!” అన్నాడు.

“చిన్నాయనా, అది ఇంకో దిక్కంట...”

“అందుకే చెప్పినా. మన జీపులో ముద్దనూరు అని చెప్పి బయలుదేరి, మధ్యలో జమ్మలమడుగుకు తిప్పుతాము. ఈడా అంతే.”

మన జీపు మనం తిప్పితే తిరుగుతాది. ఆటో ఆయన ఎందుకు తిప్పుతాడు? రెండో సందులో చిన్నాయన ఆయన భుజం తట్టి “ఇప్పుడు తిప్పు, అమీర్‌పేటకు పోనీ” అంటే, ఆయన వెనక్కి తిరిగి, “చార్మినార్ బోలే నా? చార్మినార్!” అని, మాకు చార్మినారు చూపించేదాకా నిద్రపోనన్నట్టు తోలినాడు. కొత్త మొగాలని కనిపెట్టినట్టున్నాడు. దావ పొడవునా ఇది ఇది, అది అది అని చూపిస్తా పోతాడే!

వెనక పీ పీ పీ అని ఒకటే హారను. చిన్నాయన రెక్సిన్ గుడ్డ పక్కకు జరిపి చూసి, “అదే బండి. తల దించు!” అన్నాడు.

అదే, నేను మొదట్లో చెప్పిన కథ. సీటు కిందికి దూరినాము. దూరేకొద్దీ హారను ఎక్కువైంది. గాజుల షాపులు, ముత్యాల షాపులు, అత్తరు వాసన, పావురాళ్లు... చార్మినారును నేను మొట్టమొదటిసారి ఆటోవాలా చెప్పుల నడుమ నుంచి చూసినా. స్వర్ణ ఎప్పుడూ అట్ల చూసుండదు, అది మాత్రం ఖాయం.

ఆ గుంపులో దిగి, ఒక బురఖాల అంగడిలో దూరి, ఇంకో వైపు తేలి, స్కూటీ కనపడకుండా పోయేదాకా నడిచినాము. “చూసినావా?” అన్నాడు చిన్నాయన చెమట తుడుచుకుంటా. “రాలిపోయినారు.” నాకు గర్వంగా ఉండింది. ఇంటికి పోయి మా అమ్మకు ఎట్ల చెప్పాలో మాటలు గూడా పేర్చుకున్నా.

కోఠీకి సిటీ బస్సు. నేను ముందు వాకిలి. చిన్నాయన గూడా నా వెనకే ముందు వాకిలి! డ్రైవరు పక్కన నిలబడితే అద్దంలో వెనక బండ్లు కనపడతాయని ఆయన ఆలోచన. ట్రంకు పెట్టె ఒకామె మోకాలికి తగిలింది. ఇంక చూడండి, ఆడోళ్లంతా ఒక్క గొంతుతో లేచినారు. “కండ్లు కనపడవా? ఇది లేడీస్ సైడు!” పక్క ఊరి పార్టీ మొత్తం ఎదురు నిలబడినా బెదరని మనిషి, పెట్టె నెత్తిన పెట్టుకొని దిగి, వెనక వాకిలికి పరిగెత్తినాడు.

ముందర నేను కోఠీ అని నిజం చెప్పి టికెట్టు తీసుకున్నా. వెనక కండక్టరు యాడికని అడిగితే చిన్నాయన సూత్రం ప్రకారం “సికింద్రాబాదు” అన్నాడంట.

కోఠీ వచ్చింది. నేను దిగినా. వెనక వాకిలి దగ్గర చిన్నాయన దిగబోతుంటే కండక్టరు చెయ్యి అడ్డం పెట్టినాడు. ఎంత మంచి మనిషంటే చెప్పలేను. “పెద్దాయనా, సికింద్రాబాదు ఇంకా చాలా దూరం. కూర్చో, నేను దింపుతా కదా!” అని, పెట్టె గూడా చేతిలోంచి తీసుకొని, భుజం పట్టి సీట్లో కూర్చోబెట్టినాడు. బస్సు కదిలిపోయింది. కిటికీ లోంచి చిన్నాయన మీసం, తెరిచిన నోరు... అట్లనే పోయినాయి.

నేను ఒక్కదాన్ని. కోఠీలో. ఆ కాసేపు నాకు నవ్వు రాలేదండీ. ఎవరిని అడగాలో తెలీదు, ఎవరి మొగం చూసినా తొందర. ఆయన తరువాత స్టాపులో దిగి నడిచొస్తాడులే, పది నిమిషాలు అనుకున్నా. పది అయింది, అరగంట అయింది, గంట అయింది. పాత పుస్తకాల ముందర నిలబడి ఒక వంటల పుస్తకం సగం చదివేసినా. అంగడి ఆయన ఏమీ అనలేదు. ఆ సంగతి కూడా స్వర్ణ ముందే చెప్పిందని గుర్తొచ్చి, పుస్తకం విసురుగా కింద పెట్టినా.

గంటన్నర తర్వాత, బస్సు పోయిన దిక్కు నుంచి కాకుండా నా వీపు వెనక నుంచి వచ్చినాడు చిన్నాయన. నెత్తిన పెట్టె, చొక్కా తడిసి ముద్ద.

“యాడ పోయినావు చిన్నాయనా!”

“తరువాత స్టాపులోనే దిగినా పాపా.”

“మరి ఇంతసేపు?”

“పోయిన దావన తిరిగి రాగూడదు గదా. సుట్టు తిరిగి వచ్చినా.”

నేను ఆయన్ను చూసినా, ఆయన నన్ను చూసినాడు. ఏడ్చేదాన్ని నవ్వేసినా. ఆయన నవ్వలేదు. ఆయనకు అందులో నవ్వేదేమీ కనపడలేదు.

అక్కడి నుంచి టికెట్లు రెండూ నేనే తీసుకున్నా, ఊరు పేరు నేనే చెప్పినా. ఒంటి గంటకు అమీర్‌పేట. ఇద్దరిని అడిగినా. మొదటి ఆయన ఎడమ అన్నాడు, రెండో ఆయన కుడి అన్నాడు. కుడికే పోయినాము. హాస్టలు ఉన్న సందు దొరికింది. బోర్డు కనపడింది. గేటు కనపడింది.

గేటు ముందర స్కూటీ గూడా కనపడింది.

ఇద్దరూ మా వైపు వీపు పెట్టి నిలబడినారు. ముసుగులు తీయలేదు. చిన్నాయన నన్ను ఒక కిరాణా అంగడి బస్తాల వెనక్కి లాగినాడు.

“మన గమ్యం వాళ్లకు తెలిసిపోయింది పాపా. ఎవడో లోపలోడు చెప్పినాడు.”

“ఎవరు చిన్నాయనా? మనిద్దరికి తప్ప ఎవరికి తెలుసు?”

“నేనైతే చెప్పలేదు” అని నన్ను అనుమానంగా చూసినాడు!

వెనక్కి పోయి భోంచేసినాము. కాపు కాసేవాడికి ఆకలేస్తుందంట, అప్పుడు లేచిపోతాడంట. రెండున్నరకు పోయి తొంగి చూస్తే, ముసుగు పైకెత్తుకొని, గోడ వైపు తిరిగి మిరపకాయ బజ్జీలు తింటాండారు. చిన్నాయన తల అడ్డంగా ఆడించినాడు. “తిండి గూడా తెప్పించుకుంటాండారు. వీళ్లు పొద్దుగూకేదాకా కదలరు.”

మూడు అయింది. మూడుంబావు అయింది. నాకు ఆ ముసుగులు కనపడటం లేదు. ఎస్టీడీ బూతులో కండ్లద్దాలు సర్దుకుంటా నంబరు తిప్పుతాండే మా నాయన కనపడుతాండాడు. ప్రొద్దుటూరులో టైపు మిషను కనపడుతాంది. ఆ మిషను పక్కన నిలబడి “యాక్చువల్లీ...” అంటాండే స్వర్ణ కనపడుతాంది.

“చిన్నాయనా, ఏమైనా గానీ, నేను లోపలికి పోవాల్సిందే.”

“వెనక గోడ చూసొచ్చినా,” అన్నాడు ఆయన. “పెద్ద ఎత్తు ల్యాదు.”

మీరు అడగబోయేది నాకు తెలుసు. డిగ్రీ చదివిన పిల్లవి, సర్టిఫికెట్లు చంకలో పెట్టుకొని లేడీస్ హాస్టలు గోడ దూకాలని ఎట్ల తోచిందని. పొద్దున్నుంచి చిన్నాయన పక్కన ఉంటే మీకూ తోచేది.

వెనక సందు. ఎవరూ లేరు. చిన్నాయన వంగినాడు. ఆయన భుజాల మీద ఎక్కి గోడ మీద కూర్చున్నా. కింద బట్టలుతికే బండ, నీళ్ల తొట్టి, తీగల మీద చీరలు. ఫైలు పంటి కింద పట్టుకొని దూకినా. బురదలో పడినా, గానీ కాలు బాగానే ఉంది. మూడు నలభై!

“చిన్నాయనా, పెట్టె!”

ఆయన పెట్టెను రెండు చేతులా ఎత్తి గోడ మీద పెట్టి తోసినాడు. అది వచ్చి నీళ్ల తొట్టి పక్కన రేకుల మీద పడింది. ధడేల్! ఆ శబ్దం నేను చెప్పలేను. మా ఊర్లో అట్లాంటి శబ్దం వస్తే ఊరు ఊరంతా తలుపులు మూసుకుంటుంది. హాస్టల్లో మాత్రం తలుపులన్నీ తెరుచుకున్నాయి. యాభైమంది ఆడపిల్లలు మెట్ల మీద. ఒక ఆయా చీపురు ఎత్తుకొని “దొంగ! దొంగ!”

గోడ అవతల నుంచి మాట ల్యాదు. “చిన్నాయనా?” అని పిలిస్తే, చాలా కింద నుంచి ఆయన గొంతు వచ్చింది. “పాపా... పడుకో! లేవొద్దు! ఏదో పేలింది!”

ఆయన తోసిన పెట్టె శబ్దానికే ఆయన బోర్లా పడుకున్నాడు.

వార్డెన్ మేడమ్ వచ్చింది. కట్టుకున్న చీరకు ఒక్క ముడత లేదు. నన్ను కింది నుంచి పైకి చూసింది. బురద. పంటి గుర్తులు పడిన ఫైలు. “ఎవరమ్మా నువ్వు?”

“కొత్త... కొత్తగా చేరడానికి వచ్చినా మేడమ్.”

“గేటు లేదా మాకు?”

ఏమని చెప్పాల? గేటు దగ్గర ముసుగులోళ్లు ఉన్నారని నోరు తెరిచేలోపల, ఆ ముసుగులే మేడమ్ వెనక నుంచి పరిగెత్తుకుంటా వచ్చినాయి. నేను చీరల వెనక్కి దూరినా. ఒక ముసుగు నల్లద్దాలు తీసింది. తల మీది గుడ్డ విప్పింది. చెమటతో జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. ముక్కు కింద బజ్జీ పొడి.

“కరుణా! ఏంది మే ఇది?”

స్వర్ణ! ‘యాక్చువల్లీ’ లేదు, ‘ఎక్కడ’ లేదు. అచ్చం మా ప్రొద్దుటూరు గొంతు.

“పొద్దున ఆరు నుంచి మీ వెనకాలే తిరుగుతాండాను! బస్టాండులో చూస్తే దిగల్యా. హోటలు దగ్గర చెయ్యి ఊపితే వెనక వాకిలి నుంచి పోతిరి. ఆటోలో చెయ్యి ఊపితే సీటు కిందికి దూరితిరి. నేనేమో మీ వెనక ఎవరో పడినారు, అందుకే దాక్కుంటాండారు అనుకొని, ఈ నస్రీన్‌ను ఇంకా స్పీడుగా పోనీ, ఇంకా స్పీడుగా పోనీ అంటాండాను!”

నస్రీన్ అంటే ఆ రెండో ముసుగు, ఆమె ఆఫీసు స్నేహితురాలు, స్కూటీ ఆమెది. సిటీలో దుమ్ముకు ఆడపిల్లలంతా అట్లనే చుట్టుకుంటారంట. ఆ ఒక్క టిప్పు మాత్రం స్వర్ణ మాకు చెప్పనే లేదు!

“మేము వచ్చేది ఈ రోజని నీకెట్ల తెలుసు?” అన్నా.

“మామ ఫోను చేసినాడు. ‘పాప శనివారం అని చెప్పి ఉంటాది, శుక్రవారమే వస్తుంది, చూసుకో’ అన్నాడు.”

మా నాయన ‘సరేలే’ అప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం నుంచి గేటు దగ్గర కాసుకున్నప్పుడే స్వర్ణ పరిచయం చేసుకున్నట్టుంది, వార్డెన్ మేడమ్ గడియారం చూసి, “ఈ అమ్మాయి నీకు తెలుసా స్వర్ణా?” అంది.

బురదలో నిలబడి నేను స్వర్ణ నోటి వైపు చూస్తున్నా. ‘తెలీదు మేడమ్’ అనింటే నా కథ అయిపోయేది. నేనైతే ఏమనేదాన్నో ఇప్పటికీ నాకు నమ్మకం లేదు.

“మా అత్త కూతురు మేడమ్. ఈమెకు లోకల్ గార్డియన్ నేనే. సంతకం పెట్టడానికే పొద్దున్నుంచి కాసుకోని ఉండాను.”

అంతలోనే ఆఫీసు గదిలో ఫోను మోగింది. నేను పరిగెత్తేలోపల స్వర్ణ ఎత్తింది. “ఆ మామా, చేరింది... టైముకు ముందే చేరింది... ఆఁ, దావ తనే కనుక్కుంది. ఎవురూ చూపించల్యా.” చివరి మాట చెప్తా నన్ను చూసి, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. అబద్ధం చెప్పి నన్ను కాపాడింది. దానికి గూడా నాకు కుళ్లే! ఎందుకంటే, అంత చక్కగా అబద్ధం చెప్పడం చిన్నాయన పదహైదేండ్లలో నేర్చుకున్న విద్య, ఆమెకు పుట్టుకతోనే వచ్చింది.

చిన్నాయన్ను వెనక సందులోంచి లేపి, దుమ్ము దులిపి, ముందు గేటు దగ్గరికి తెచ్చినారు. నస్రీన్ ఆయన్ను స్కూటీ వెనక కూర్చోబెట్టుకొని బస్టాండుకు దింపడానికి తయారైంది. ముసుగు కట్టుకోబోతుంటే ఆయన చేతులు జోడించి, “తల్లీ, అది మాత్రం వద్దు” అన్నాడు. పాపం, ఆమె దుమ్ములోనే పోయింది. ఇమ్లీబన్‌కు తనకు తెలిసిన దారిన కాకుండా ఇంకో దారిన పొమ్మన్నాడని తర్వాత చెప్పింది.

నేను ఇప్పుడు హాస్టల్లోనే ఉన్నా. మంచం దొరికింది. కోర్సు సోమవారం నుంచి మొదలైంది. అంతా బాగుంది. ఒక్క రూలు తప్ప. ఇక్కడ ఆదివారం బయటికి పోవాలంటే లోకల్ గార్డియన్ సంతకం ఉన్న స్లిప్పు కావాలి. అంటే, స్వర్ణ చెప్పకుండా సిటీ చూసేస్తానన్న నేను, స్వర్ణ సంతకం లేకుండా ఎదురుగా ఉన్న బజ్జీల బండి దాకా గూడా పోలేను.

ఈ ఆదివారం టాంకుబండు చూసొద్దామని స్లిప్పు రాసి పంపినా. నిన్న సాయంత్రం సంతకం పెట్టి పంపించింది. వార్డెన్ మేడమ్ మెస్సులో, అందరూ భోంచేస్తుండగా, పేరు పేరునా పిలిచి స్లిప్పులు ఇస్తుంటుంది. నాది తీసి, ఆగి, కండ్లద్దాలు పెట్టుకొని, రిమార్కులు అన్న చోట స్వర్ణ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది పైకి చదివింది.

“దయచేసి ఈమెను గేటు గుండా మాత్రమే పంపగలరు.”